రొయ్యల ఫ్యాక్టరీలో నైరుతి తలుపు

ఆ మధ్య బరంపురం కాలేజీలో చదువు పూర్తిచేసిన పిల్లలు నలుగురైదుగురు గోసాని నువాగాంలో మా ఇంటికి వచ్చారు. అందరికీ కంపెనీల్లో సస్టైనబిలిటీ ఉద్యోగాలు వచ్చాయి. కంపెనీ నీటిని, గాలిని, మనుషుల్ని పాడుచెయ్యకుండా నడుస్తోందో లేదో చూసి, ఆ సంగతి పెట్టుబడి పెట్టేవాళ్ళకి చెప్పే పని. నేను చేసి దిగిపోయిన పని కూడా అదే. కార్బన్ లెక్కల గురించి, రిపోర్టు ఎలా రాస్తే మార్కులు పడతాయన్న దాని గురించి అడిగారు. తెలిసినంత చెప్పాను. వెళ్ళేటప్పుడు ఒకమ్మాయి గుమ్మంలో ఆగి, "మీకు ఎప్పుడైనా భయం వేసిందా మేడమ్?" అని అడిగింది. ఆటో వచ్చేసింది, జవాబు చెప్పే వీలు లేకపోయింది. అందుకే ఇక్కడ రాస్తున్నాను. ప్రమోషన్లు, ఫైళ్ళు, సన్మానాలు ఇందులో ఉండవు. అవి ఎవరికైనా ఉండేవే.

మొదట్లో నా పని

నేను ఉద్యోగమంతా ఒకే కంపెనీలో చేశాను. గంజాం దాటి రంభ వెళ్ళే దారిలో ఉన్న రొయ్యల ఫ్యాక్టరీ అది. రొయ్యల్ని ఒలిచి, గడ్డకట్టించి, ఓడల మీద పైదేశాలకి పంపేవాళ్ళు. యజమానిని అందరూ షావుకారు గారనే పిలిచేవారు, నేనూ అలాగే రాస్తాను. బరంపురంలో పప్పులు, చింతపండు టోకున అమ్మిన కుటుంబం. ఇంట్లో కార్తీకమాసం వస్తే ఉల్లిపాయ కూడా ముట్టరు. అలాంటి ఇల్లు రొయ్యల మీద మేడలు కట్టింది. ఆయన ఫ్యాక్టరీకి వస్తే ముక్కుకి కండువా అడ్డం పెట్టుకుని నడిచేవారు. ఇంటికి వెళ్ళగానే స్నానం చేసేదాకా ఎవర్నీ తాకరని చెప్పుకునేవారు.

నేను చేరింది ల్యాబులో. ఫ్యాక్టరీ నుంచి బయటికి పోయే నీటిని పరీక్ష చెయ్యడం నా పని. పరీక్ష చేసేదాన్ని, బాగాలేదని రాసేదాన్ని, ఆ కాగితం ఎక్కడికో పోయేది. వెనకాల గుంటలో నీళ్ళు నల్లగా కంపుకొట్టేవి. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు వచ్చి గేటు దగ్గర అరిచేవారు, షావుకారు గారు కాఫీ ఇచ్చి పంపేసేవారు. ఒకసారి పైదేశం నుంచి సరుకు కొనేవాళ్ళు వచ్చారు. అందులో ఒకాయన గుంట దగ్గర నిలబడి, ఈ నీళ్ళు ఎక్కడికి పోతాయని అడిగాడు. పక్కనే ఉన్న చిలికా సరస్సు పేరు ఎవరూ ఎత్తలేదు. ఆ ఒక్క ప్రశ్నకి, ఆ ఏడాదే నీటిని శుద్ధి చేసే ట్యాంకులు లేచాయి.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. యజమానులకి చిలికా మీద ప్రేమ పుట్టి మంచి పనులు చెయ్యరు. ఆర్డరు పోతుందని, బ్యాంకు మొహం తిప్పుకుంటుందని చేస్తారు. ఇది విని మీరు చిన్నబుచ్చుకోకండి. ఏ కారణంతో కట్టినా ట్యాంకు ట్యాంకే, నీళ్ళు బాగుపడ్డాయి. ఆర్డర్లు పెరిగాయి, రెండో హాలు కట్టారు, ఇంకొంతమంది ఆడవాళ్ళకి పని దొరికింది. తరువాత ముంబై నుంచి ఫండు వాళ్ళు వచ్చారు. పదిమంది సొమ్ము పోగుచేసి కంపెనీల్లో పెట్టే సంస్థ వాళ్ళది. నీటిని పాడుచేసే కంపెనీ, పనివాళ్ళని కాపాడుకోలేని కంపెనీ ఇవాళ కాకపోతే రేపు మూతపడుతుందని, తమ సొమ్ము మునుగుతుందని వాళ్ళ బెంగ. అందుకే డబ్బు పెట్టేముందు అన్నీ తిరిగి చూస్తారు. వాళ్ళు తొంగిచూడగానే నా కుర్చీ మారిపోయింది. ఏసీ గది ఇచ్చారు. తలుపు మీద పేరు పక్కన ఆకుపచ్చటి ఆకు బొమ్మ వేశారు. ఆ ఆకు చూసి మా ఇంట్లో అందరూ నన్ను ఏడిపించారు.

వాస్తు ప్రకారం కట్టిన హాలు

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఫండు వస్తుందన్న ధైర్యంతో కొత్త హాలు కట్టారు, పాత రెండు హాళ్ళూ కలిపినంత పెద్దది. ఒలిచే బల్లలు వరసగా, వాటి ముందు ఆడవాళ్ళు, అందరూ చేతులు ఐసు నీళ్ళలో పెట్టి పనిచేస్తారు. గడ్డకట్టించే యంత్రాల్లో అమ్మోనియా తిరుగుతుంది. తెలియనివాళ్ళకి చెబుతాను. అది కొంచెం కారితే కళ్ళు మండుతాయి, ఎక్కువ కారితే ఊపిరి అందదు. అలాంటి చోట మనిషి ఎటు పరిగెత్తాలన్నది ముందే తేలిపోయి ఉండాలి.

ఇంజనీరు గీసిన ప్లానులో తూర్పున పెద్ద ద్వారం, దానికి ఎదురు మూల, నైరుతిలో ఇంకో తలుపు. ప్రమాదం జరిగితే బయటపడడానికి అది. షావుకారు గారి సిద్ధాంతి ప్లాను చూసి, యంత్రాల గది ఆగ్నేయంలో ఉండాలన్నారు. అంటే తూర్పు ద్వారం పక్కనే. నైరుతి మూసి ఉండాలి, అక్కడ తలుపు పెడితే లక్ష్మి వెళ్ళిపోతుందన్నారు. ప్రమాదం వచ్చేచోటూ, పారిపోయే దారీ పక్కపక్కన పడ్డాయి. నేను వెళ్ళి చెప్పాను.

"బాబుగారూ, గ్యాసు కారితే తూర్పు వైపే కారుతుంది. వీళ్ళు ఎటు పోతారు?"

ఆయన కోప్పడలేదు. కుర్చీ చూపించారు. మా నాన్నగారు ఆయనకి చిన్నప్పుడు తెలుగు చెప్పిన మాస్టారు, అందుకని నన్నెప్పుడూ కసురుకునేవారు కాదు.

"పంతులుగారి అమ్మాయివి, నీకు సెప్పకేటి. మా అయ్య లారీల కోసమని గోడౌనుకి నైరుతిలో తలుపు కొట్టించేడు. ఆ ఏడే వాటాదారు ముంచీసేడు. ఆ బెంగతోనే మా అయ్య పోనాడు. అప్పుడు నాను మీసాలు కూడా రానోడిని. ఆ తలుపు మాట ఎత్తితే ఇప్పటికీ నాకు కాల్లు సల్లబడిపోతాయి తల్లీ."

చెబుతుంటే ఆయన కళ్ళు నిజంగానే తడిశాయి. మూర్ఖుడైతే వాదించవచ్చు, భయపడ్డ మనిషితో ఏం వాదించను? చివరికి ఆయన ఒక దారి కనిపెట్టారు. తలుపు పెట్టించారు. దాని మీద ఆకుపచ్చ దీపంతో బోర్డు కూడా వెలిగించారు. బయట వైపు తాళం వేయించారు. ఆ తాళంచెవిని సిద్ధాంతి చేత పూజ చేయించి, ఎర్ర గుడ్డలో చుట్టి, బరంపురంలో తన ఇంట్లో అమ్మవారి పాదాల దగ్గర పెట్టించారు. ఫండు తరఫున మొదటిసారి వచ్చినవాళ్ళు బోర్డుని ఫొటో తీసుకుని వెళ్ళారు. తలుపు తోసి చూడలేదు.

నేను మాత్రం ఆ హాల్లోకి వెళ్ళినప్పుడల్లా ముందు గాలి పీల్చి చూసేదాన్ని. రాత్రి అన్నం తింటూ కూడా అదే ఆలోచన. రెండుసార్లు రాసి ఇచ్చాను, రెండుసార్లూ "ఫండు రానీ తల్లీ, అన్నీ సేద్దాం" అన్నారు.

తలుపుకి ఇవతల

ఒక ఉదయం, టీ తాగి అందరూ బల్లల దగ్గరికి చేరిన కాసేపటికి, ఏదో పనిమీద ల్యాబుకి వెళ్ళిన నాకు కేకలు వినిపించాయి. తలుపు తీయగానే ముక్కు పగిలిపోయే ఘాటు. యంత్రాల గదిలో ఒక వాల్వు దగ్గర కారుతోంది. హాల్లో ఉన్న ఆడవాళ్ళు తూర్పు ద్వారం వైపు నాలుగడుగులు వేసి, ఘాటు మొహానికి కొట్టగానే వెనక్కి తిరిగారు. ఆకుపచ్చ దీపం వెలుగుతున్న తలుపు వైపు పరుగెత్తారు. బోర్డు చెప్పినట్టే చేశారు పాపం.

నేను బయటి నుంచి చుట్టూ తిరిగి నైరుతి మూలకి పరిగెత్తాను. ఇనుప తలుపు, ఇంత లావు తాళం. అవతల వాళ్ళు చేతులతో కొడుతున్నారు. ఇవతల నా అరచేతులు తలుపు మీద పెడితే ఆ దెబ్బలు తెలుస్తున్నాయి. "తియ్యండి, తియ్యండి" అని తెలుగులో, ఒడియాలో అరుపులు. కాపలా అతను ఇనుప కడ్డీ కోసం పరిగెత్తాడు. నా దగ్గర ఏమీ లేదు. తాళాన్ని పట్టుకుని లాగాను, రాయి తెచ్చి కొట్టాను. ఇంతలో అవతల కొట్టడం ఆగిపోయింది.

నా జీవితంలో అంత భయం అంతకుముందు లేదు, తరువాత లేదు. వాళ్ళు పోయారనుకున్నాను. తలుపుకి చెవి ఆన్చి వింటే నా గుండె చప్పుడు తప్ప ఇంకేమీ వినబడలేదు. అక్కడే కూలబడ్డాను.

ఎవరూ పోలేదు. యంత్రం నడిపే ఆపరేటరు మాస్కు వేసుకుని వాల్వు కట్టేశాడు. చిలికా మీది గాలి ఆ ఘాటుని రోడ్డు వైపు తోసింది. ఒలిచే బల్లలకి పెద్దగా ఉండే ఎర్రమ్మ, తడి ఏప్రాన్లు మొహానికి కట్టించి, అందర్నీ ఒకర్నొకరు పట్టుకోమని తూర్పు ద్వారం నుంచే బయటికి తీసుకొచ్చింది. ఒకామెకి చెయ్యి విరిగింది. చాలామందికి కళ్ళు వాచిపోయాయి. ఎర్రమ్మ గోపాలపూర్ వైపు తెలుగు జాలరి కుటుంబపు మనిషి. ఒడియా వాళ్ళలాగే నన్ను 'అపా' అనేది, అంటే అక్క. ఆవరణలో ముంగాళ్ళ మీద కూర్చుని, కళ్ళు తెరవలేక, నా చీర కొంగు పట్టుకుంది.

"అపా, ఆ తలుపు బొమ్మ తలుపేటి? గోడ మీద ఎయ్యించిన బొమ్మేటి?"

షావుకారు గారు కారులో వచ్చారు. అందరూ బతికి ఉన్నారని విని ఏడ్చారు. కొబ్బరికాయలు కొట్టించారు. నన్ను పక్కకి పిలిచి అన్న మాట ఇప్పటికీ నాకు వినబడుతుంది.

"సూసేవా తల్లీ? నైరుతి మూసుండబట్టే ఈ గండం ఇంతటితో పోయింది. అది తీసుంటే ఏటయ్యుండునో!"

ఆయన మనసారా నమ్మి అంటున్నారు. వెంటనే గొంతు తగ్గించారు.

"వొచ్చే వారం ఫండోల్లు వొస్తన్నారు. ఈ ముక్క ఆల్ల సెవిన పడకూడదు. పడితే డబ్బు రాదు, కొత్త పనులు ఆగిపోతాయి, ఈ ఆడోల్లందరి ఇల్లల్లో పొయ్యి ఎలగదు. నీ చేతిలో ఉంది మరి."

ఫండు వాళ్ళు వచ్చిన రోజు

నిజం చెబితే ఇళ్ళల్లో పొయ్యి ఆరిపోతుంది. దాస్తే ఇంకోసారి గాలి చిలికా నుంచి వీస్తుందన్న నమ్మకం లేదు. ఆ వారమంతా నాకు అన్నం సహించలేదు. ఉద్యోగం పోతుందన్న భయం కూడా ఉంది, లేదని ఎందుకు చెప్పాలి? చివరికి షావుకారు గారి దగ్గరికి వెళ్ళి, ఫండు వాళ్ళకి ఒక డ్రిల్లు చూపిద్దామన్నాను. సైరను మోగిస్తే పనివాళ్ళు ఎంత బేగి బయటికి వస్తారో చూపించడం. అలాంటివి వాళ్ళకి ఇష్టమని ఆయనా విన్నారు, సరేనన్నారు. ఎటు నుంచి రావాలో ఆయన చెప్పలేదు, నేనూ పనివాళ్ళకి చెప్పలేదు.

ఫండు తరఫున ఈసారి ఒక చిన్న వయసు అమ్మాయి, ఆమె వెంట ఇంకొకాయన వచ్చారు. అమ్మాయి మితభాషి. సైరను మోగింది. డ్రిల్లని పొద్దున్నే అందరికీ చెప్పాం, అయినా ఆ మోత వినగానే ఆడవాళ్ళ మొహాల్లో రంగు పోయింది. ఒక్కరు కూడా తూర్పుకి తిరగలేదు. వారం కిందట ఘాటు తిన్న శరీరాలవి. అందరూ నైరుతి తలుపు దగ్గరికి వెళ్ళి నిలబడ్డారు. నెట్టారు. అది కదలలేదు. ఎర్రమ్మ వెనక్కి తిరిగి మావైపు చూసింది.

"వాళ్ళెందుకు బయటికి వెళ్ళడం లేదు?" అని ఆ అమ్మాయి ఇంగ్లీషులో అడిగింది. మేనేజరు నేలచూపులు చూశాడు. షావుకారు గారు నా వైపు చూశారు. నేను నోరు తెరిచాను.

"తాళం వేసుంది. వారం కిందట గ్యాసు కారినప్పుడు కూడా వేసే ఉంది."

"తెప్పించండి తాళంచెవి," అందామె.

షావుకారు గారు ఇంటికి ఫోను చేశారు. అమ్మవారి పాదాల దగ్గర వస్తువుని డ్రైవరు తాకకూడదు, అందుకని ఆయన భార్యే బయలుదేరాలి. బరంపురం నుంచి ఆవిడ వచ్చేదాకా ఎవరూ కదలలేదు. టీ తెస్తే ఆ ముంబై అమ్మాయి వద్దని, ఒక స్టూలు లాక్కుని తలుపు పక్కన కూర్చుంది. షావుకారు గారు కండువాతో మెడ తుడుచుకుంటూనే ఉన్నారు.

అమ్మగారు ఫ్యాక్టరీకి రావడం అదే మొదటిసారి. కొంగులో పట్టుకున్న ఎర్ర గుడ్డ విప్పుతూ, "ఇదేటండీ, ఈ తలుపుదా? ఏదో గోడౌనుదనుకుని రోజూ పువ్వు ఎడతన్నాను," అన్నారు. బయటి వైపుకి నడిచి తనే తాళంలో చెవి పెట్టారు. తిరగలేదు. కాపలా అతను ప్రయత్నించాడు, తిరగలేదు. చిలికా ఉప్పు గాలికి తాళం లోపల తుప్పుపట్టి బిగుసుకుపోయింది. కడ్డీతో పగలగొట్టాల్సి వచ్చింది. తలుపు తెరుచుకోగానే ఎదురుగా అంతమంది ఆడవాళ్ళు, కొందరికి ఇంకా కళ్ళ కింద వాపులు. ఆ వాపులేమిటని ఆవిడ అడిగారు. వారం కిందటి సంగతి ఎర్రమ్మ చెప్పింది.

అమ్మగారు కాపలా అతని చేతిలోంచి తాళంచెవి తీసుకున్నారు. భర్త వైపు తిరిగారు.

"ఇంతమంది ఆడకూతుర్ల పేనాలు తెచ్చి నా దేవుడి గదిలో ఎట్టేరేటండీ? నాకో ముక్క సెప్పకుండా? ఈల్లకి ఏటైనా అయ్యుంటే ఆ పాపం నాను పువ్వులెట్టి పూజ సేసినట్టు కాదా? ఇంక నాకు నిద్దరడతాదా?"

ఆవిడ తాళంచెవిని నేల మీద పెట్టి, వెళ్ళి కారులో కూర్చున్నారు.

ఆ తరువాత

కథలో అయితే ఇక్కడ అందరూ చప్పట్లు కొడతారు. మాకు జరిగింది వేరు. ఆ అమ్మాయి ఉన్నది ఉన్నట్టు రాసింది, ఫండు ఆగిపోయింది. షావుకారు గారు చాలాకాలం నాతో మాట్లాడలేదు. నన్ను చూస్తే మేనేజర్లు మొహం తిప్పుకునేవారు. వాళ్ళ కంటే ఎక్కువ బాధపెట్టింది పనివాళ్ళే. "మా సెల్లికి పనిస్తామన్నారు, ఇప్పుడు లేదంటన్నారు. మీరు కాసేపు ఊరుకుంటే పోయేది కదా అపా," అని ఒకామె మొహం మీదే అంది. ఇంటికి వచ్చి, తప్పు చేశానా అని భయపడుతూ కూర్చున్నాను.

మెల్లగా పనులు జరిగాయి. యంత్రాల గది హాలుకి దూరంగా కట్టారు. నైరుతి తలుపుకి తాళం లేకుండా, లోపల నుంచి నెడితే తెరుచుకునే అడ్డపట్టీ వేశారు. అమ్మగారు పట్టుబట్టారని విన్నాను. సిద్ధాంతి గారు కూడా పుస్తకం మళ్ళీ తిరగేసి, బయటికి తెరుచుకునే తలుపుకి దోషం లేదని, పక్కన బరువైన అరుగు కడితే చాలని చెప్పారు. ఇంత సులువైన శాంతి ముందే దొరికి ఉంటే బాగుండేది! గ్యాసు కారిన సంగతి మా రిపోర్టులో మేమే రాసుకున్నాం. మరుసటి ఏడాది అదే ఫండు తిరిగి వచ్చి డబ్బు పెట్టింది. ఎందుకు వచ్చారని ఆ అమ్మాయినే అడిగాను. లోపం లేని కంపెనీ ఎక్కడా ఉండదని, దాచిపెట్టిన లోపానికే తాము భయపడతామని, మీ దగ్గర ఇక దాచింది లేదనిపించిందని చెప్పింది. ఈ ఉద్యోగంలో చేరేవాళ్ళు ఆ మాట గుర్తుంచుకోండి. పెట్టుబడి పెట్టేవాళ్ళని మెప్పించే పని మీది కాదు, వాళ్ళ కళ్ళు తలుపు దాకా తీసుకెళ్ళి దాన్ని తోయించడం మీ పని. అలా చేసిన రోజు మిమ్మల్ని ఎవరూ మెచ్చుకోరు, అది కూడా తెలుసుకుని చేరండి.

డబ్బు వచ్చాక కంపెనీ పెరిగింది. చికిటి వైపు నుంచి కూడా బస్సుల్లో పనివాళ్ళు వస్తున్నారు. ఆ చెల్లెలికి కూడా పని దొరికింది. షావుకారు గారు పోయారు, కొడుకులు నడుపుతున్నారు. నేను రిటైరయ్యాను. ఏటా అచ్చువేసే రంగుల రిపోర్టులో నైరుతి తలుపు ఫొటో ఉంటుంది.

పోయిన నెల ఎర్రమ్మ ఫోను చేసింది. సరుకు పెట్టడానికి చోటు చాలక, ఆ తలుపు ముందు థర్మాకోల్ పెట్టెలు నిలువెత్తున పేర్చారట. నా కుర్చీలో ఇప్పుడున్న అతను ముంబైలో ఉన్నాడట, కొత్త పెట్టుబడి మాట్లాడడానికి. నాకు గేటు లోపలికి వెళ్ళే హక్కు లేదు. ఏం చేశారని అడిగాను.

"పని ఆపీసి నిలబడ్డాం. జీతం కోస్తామన్నారు. అయినా నిలబడ్డాం. ఆకరికి పెట్టెలు తీయించేరు."

"మంచి పని చేశావు ఎర్రమ్మా."

"ఏటి మంచి, రేపు మల్లా ఎడతారు. లారీలు ఆగకండా వొస్తన్నాయి," అంది. ఫోను పెట్టేస్తుందనుకున్నాను.

"కంపెనీ బాగా పెరిగిపోతంది అపా," అంది. "నాకు బయ్యమేస్తంది."